శలాక పట్టిన చిన్న చేతులు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘బౌద్ధం – ప్రజాస్వామ్యం’. వృత్తిరీత్యా చరిత్ర అధ్యాపకుణ్ణి గనుక ప్రాచీన గణరాజ్యాల గురించి ఒక గంటసేపు మాట్లాడడం నాకు కష్టం కాదు. అయితే గత రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం మా అంబేడ్కర్ భవనంలో మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పదిహేనేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు నేను చెబుతూ వచ్చిన పాఠం ఆ పిల్లల ముందు నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో, దాన్ని ఎలా మార్చుకోవలసి వచ్చిందో మీతో చెప్పుకోవడమే ఈ సభకు ఎక్కువ ప్రయోజనకరమని భావించి, అంశాన్ని ఆ మేరకు కుదించుకున్నాను. ప్రభుత్వమంటే ఏమిటో, అందులో పౌరుని పాత్ర ఏమిటో ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా నేర్పాలి? ఇదే నా ప్రశ్న.

మొదటి ఆదివారం నేనొక పటం తీసుకువెళ్లాను. అడుగున గ్రామ పంచాయతీ, దానిపైన మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు, శాసనసభ, పార్లమెంటు. మెట్లు మెట్లుగా గీసిన పటం. నెల తిరగకముందే పిల్లలు దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పసాగారు. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషంలో ఉండగానే నాలుగో తరగతి చదివే ఒక పాప లేచి, “సార్, సర్పంచి గారు మన పల్లెకి కూడా సర్పంచేనా?” అని అడిగింది.

పిల్లలెవరూ నవ్వలేదు. ఆ పాప వెటకారానికి అడగలేదు, తెలియకే అడిగింది. పటంలో పార్లమెంటు దాకా ఎక్కగలిగిన పిల్లకు ఊరి రచ్చబండ నుంచి తన పల్లె దాకా ఉన్న రెండు ఫర్లాంగుల దూరాన్ని ఆ పటం దాటించలేకపోయింది. నేను నేర్పినవి పదవుల పేర్లు. ఆ పదవులకూ తనకూ ఉన్న సంబంధాన్ని నేను నేర్పలేదు.

ఈ లోటు ఎంత లోతైనదో బాబాసాహెబ్ అంబేడ్కర్ ముందే గుర్తించారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభకు సమర్పిస్తూ, రాజ్యాంగ నీతి మనిషికి సహజంగా అబ్బే గుణం కాదని, దాన్ని సాగుచేసి పెంచుకోవాలని చెప్పారు. మన నేల స్వభావతః ప్రజాస్వామికం కాదని, ప్రజాస్వామ్యం దానిపై పరచిన పలుచని పొర మాత్రమేనని హెచ్చరించారు. మరుసటి ఏడాది నవంబరు 25న చేసిన ముగింపు ప్రసంగంలో, రాజకీయాల్లో సమానత్వం, సాంఘికార్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి మనం ప్రవేశిస్తున్నామన్నారు. ఆ పాప ప్రశ్న ఆ వైరుధ్యం నుంచి పుట్టినదే. సాగు అన్నారు గనుక ఒక మాట. పుస్తకం చదివి ఎవరూ సేద్యం నేర్చుకోరు. దుక్కిలో కాలు పెట్టాలి.

అదే 1949 ప్రసంగంలో బాబాసాహెబ్ మరొక విషయం గుర్తుచేశారు. పార్లమెంటరీ పద్ధతులు ఈ దేశానికి కొత్తవి కావని, భిక్షు సంఘాలు వాటిని ఎరిగి ఆచరించాయని చెప్పారు. ఆసనాల ఏర్పాటు, ప్రతిపాదన, తీర్మానం, కోరం, ఓట్ల లెక్కింపు వంటివాటిని పేరుపేరునా పేర్కొన్నారు. ఈ మాట మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. పిల్లల ముందు నిలబడినప్పుడు నాకు తోచింది వేరు. భిక్షువులు ఆ పద్ధతులను పాఠంగా చదవలేదు. పక్షానికోసారి కూడుతూ, చీవరాలు పంచుకుంటూ, విహారంలో ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించుకుంటూ, చేసి నేర్చుకున్నారు.

వినయ పిటకం చూడండి. నియమాల జాబితా ముందు రాదు. ముందు ఒక ఇబ్బంది వస్తుంది, ఎవరో ఫిర్యాదు చేస్తారు, అప్పుడు నియమం పుడుతుంది. వానాకాలంలో భిక్షువులు తిరుగుతూ పచ్చికనూ చిన్న ప్రాణులనూ తొక్కేస్తున్నారని, పక్షులు కూడా ఆ కాలంలో గూట్లో ఉంటాయి కదా అని జనం అన్నారు. వర్షావాస నియమం వచ్చింది. రాహులునికి ప్రవ్రజ్య ఇచ్చినప్పుడు తాత శుద్ధోదనుడు దుఃఖించి, ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా బాలురకు ప్రవ్రజ్య ఇవ్వవద్దని కోరాడు. బుద్ధుడు అలాగే నియమం చేశాడు. అడిగినవాడు రాజైనా, అక్కడ అడిగింది మనవణ్ణి పోగొట్టుకున్న ఒక తాత. శాసనం ఎందుకు పుడుతుందో, ఎవరు అడిగితే మారుతుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే సులువైన కథలు నాకు దొరకలేదు.

పిల్లలకు ఎలా నేర్పాలో కూడా ఆ రాహులుని కథలోనే ఉంది. మజ్ఝిమ నికాయంలోని అంబలట్ఠిక రాహులోవాద సుత్తంలో బుద్ధుడు కాళ్లు కడుక్కున్నాక పాత్రలో కొద్దిగా నీరు మిగిల్చి, ఆ నీటిని చూపి, దాన్ని పారబోసి, పాత్రను బోర్లించి, ఖాళీ పాత్రను తిరిగి చూపి, అబద్ధమాడడానికి సిగ్గుపడనివాని గతి ఏమిటో చెబుతాడు. తరువాత అద్దం దేనికని అడుగుతాడు. చూసుకోవడానికని రాహులుడు జవాబిస్తాడు. అలాగే పని చేయడానికి ముందు, చేసేటప్పుడు, చేసిన తరువాత దానివల్ల తనకు, ఇతరులకు హాని ఉందా అని చూసుకోమంటాడు. చేతిలో ఉన్న పాత్రే బోధనోపకరణం. నేను నా పటాన్ని చుట్టి మూల పెట్టి, పాత్ర కోసం వెదకడం మొదలుపెట్టాను.

మా మొదటి పాత్ర చీపురు. తరగతి మొదలయ్యే ముందు భవనం ఊడ్చే పని ఆడపిల్లలే చేసేవారు. ఎవరూ వారికి చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. ఒకరోజు ఒక అమ్మాయి ఫిర్యాదు చేసింది. అయితే నియమం చేద్దామన్నాను. అందరూ వంతులవారీగా ఊడ్వాలన్నది ప్రతిపాదన. సంఘంలో ప్రతిపాదనను ఞత్తి అంటారు. ముఖ్య విషయాల్లో దాన్ని వినిపించిన తరువాత మూడుసార్లు ప్రకటించి, సమ్మతమైనవారు మౌనంగా ఉండండి, కానివారు మాట్లాడండి అంటారు. మేమూ అలాగే మూడుసార్లు అడిగాం. మూడోసారికి గాని నోళ్లు పెగలలేదు. ఆ మూడుసార్ల విలువ నాకు ఆ రోజు తెలిసింది. మొదటిసారి గట్టిగా అరిచేవాడు మాట్లాడతాడు. భయస్తుడు మాట్లాడడానికి మూడోసారి దాకా సమయం కావాలి.

ఆ తరువాత చేతులెత్తమన్నాను. తొమ్మిది మంది ఆడపిల్లలు ఎత్తారు. పన్నెండు మంది మగపిల్లల్లో ఒక్కడూ ఎత్తలేదు. ప్రతిపాదన వీగిపోయింది. తరగతి నిశ్శబ్దమైపోయింది. ప్రజాస్వామ్యం మీద నేను చెప్పిన మొదటి ఆచరణ పాఠం ఒక అన్యాయానికి ముద్ర వేసింది.

వారమంతా దాని గురించే ఆలోచించాను. వినయంలో ఏకాభిప్రాయం కుదరనప్పుడు అధిక సంఖ్యాకుల నిర్ణయం తీసుకొనే పద్ధతి ఉంది. దానికి శలాకలు, అంటే గుర్తు వేసిన పుల్లలు, పంచుతారు. పంచే భిక్షువు ఇష్టానికి, ద్వేషానికి, మోహానికి, భయానికి లొంగనివాడై ఉండాలి. ఎవరు శలాక తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో తెలిసినవాడై ఉండాలి. శలాక తీసుకోవడం రహస్యంగా జరగవచ్చు, చెవిలో చెప్పి జరగవచ్చు, బాహాటంగా జరగవచ్చు. చరిత్రకారునిగా ఒక మాట చెప్పాలి. ఇది నేటి బ్యాలెట్‌తో అచ్చంగా సమానం కాదు. శలాకలు పంచే భిక్షువుకు ఉన్న అధికారాన్ని నేటి ఎన్నికల అధికారికి మనం ఇవ్వం. అయినా అందరిముందు చెప్పలేని మనసు ఒకటి ఉంటుందని ఆ కాలంలోనే గుర్తించడం చిన్న విషయం కాదు.

మరుసటి ఆదివారం కొబ్బరి ఈనెలు విరిచి, కొన్నిటికి పసుపు పూసి తీసుకువెళ్లాను. ప్రతి పిల్లకూ ఒక పసుపు ఈనె, ఒక మామూలు ఈనె. సమ్మతమైతే పసుపుది కుండలో వేయాలి, కాకపోతే మామూలుది. రెండోది పక్కనున్న సంచిలో వేయాలి. కుండకు అడ్డంగా దుప్పటి కట్టాం. లెక్కించడానికి పిల్లలే ఇద్దరిని ఎన్నుకున్నారు. పసుపువి పద్నాలుగు, మామూలువి ఏడు. అంటే అయిదుగురు మగపిల్లలకు మనసులో న్యాయం తెలుసు, పక్కవాడి ముందు చేయెత్తడానికే సిగ్గు. రహస్య ఓటు ఎందుకని నేను ఇక వేరే పాఠం చెప్పనవసరం లేకపోయింది.

అయితే అక్కడితో ఆగలేదు. ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్లవాడు, “సార్, ఈసారి కూడా ఓడిపోయుంటే ఆడపిల్లలే ఊడవాలా?” అన్నాడు. ఇది రాజ్యాంగ నిర్మాతలను వేధించిన ప్రశ్న. కొన్ని విషయాలను ఓటుకు పెట్టకూడదని, అందుకే ప్రాథమిక హక్కులు ఉన్నాయని, అంటరానితనాన్ని రద్దుచేసిన పదిహేడవ అధికరణం ఏ ఊరి మెజారిటీకీ లోబడదని చెప్పాను. పిల్లలు దాన్ని తమ భాషలో తమ పుస్తకంలో రాసుకున్నారు: ఓటు వేయదగ్గవి, ఓటు వేయకూడనివి. ఆ రెండో పట్టికలో ఒకరు “అన్నం దగ్గర ఎవరు ఎక్కడ కూర్చోవాలో” అని రాశారు. ఆ వాక్యం ఎందుకు రాశారో నేను అడగలేదు. ఈ సభలో ఉన్నవారికి వివరించనవసరమూ లేదు.

ఇక్కడ చరిత్ర నుంచి ఒక విరుద్ధమైన దృశ్యం చూపాలి. తమిళనాడులోని ఉత్తరమేరూరులో పదో శతాబ్ది చోళ రాజు మొదటి పరాంతకుని కాలపు శాసనాలు ఉన్నాయి. అక్కడి సభ సంఘాలకు సభ్యులను ఎంపిక చేయడానికి తాటాకులపై పేర్లు రాసి కుండలో వేసి, లోపల ఏముందో తెలియని ఒక బాలుని చేత తీయించేవారు. మన పాఠ్యపుస్తకాలు దీన్ని ప్రాచీన ప్రజాస్వామ్యంగా చూపుతాయి. ఆ కుండలో పేరు పడాలంటే భూమి ఉండాలి, వేదవిద్య ఉండాలి. ఇక ఆ బాలుని సంగతి? అతని చేయి కావలసివచ్చింది, అతని నోటితో ఎవరికీ పనిలేదు. నేటి బడుల్లో జరిగే నమూనా ఎన్నికల్లో పిల్లలకు చాలాసార్లు దక్కేది ఆ బాలుని స్థానమే. వేలికి సిరా పూస్తారు, ఫోటో తీస్తారు, గెలిచినవానికి బ్యాడ్జి పెడతారు. మరునాడు బడిలో ఏదీ మారదు. ఓటు వేసినా ఏమీ మారదన్న పాఠాన్ని మనమే చిన్ననాడే నేర్పినవాళ్లం అవుతాం.

దీనికి భిన్నమైన ప్రయత్నాలు మన దేశంలోనే ఉన్నాయి. రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా తిలోనియాలో పగలు మేకలు కాసే పిల్లల కోసం రాత్రి బడులు నడిచాయి. ఆ పిల్లలు తమ పార్లమెంటును తామే ఎన్నుకొని, లాంతర్లు వెలుగుతున్నాయా, తాగునీరు ఉందా, ఉపాధ్యాయుడు వస్తున్నాడా అని విచారించేవారు. కర్ణాటకలో 1990ల మధ్యలో పనిచేసే పిల్లల సంఘాల చొరవతో మక్కళ పంచాయతీలు ఏర్పడ్డాయి. తరువాత ఆ రాష్ట్ర ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లో పిల్లల గ్రామసభలు జరపాలని ఆదేశించింది. పొరుగున బంగ్లాదేశ్‌లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలు ఓట్లు వేసి తమ విద్యార్థి మండళ్లను ఎన్నుకుంటున్నారు. తిలోనియా పిల్లలు విచారించినది తమ రాత్రిబడిలోని లాంతరును, తమ నీళ్లను. పని నిజమైనదైతేనే పిల్లలు నేర్చుకుంటారు.

మా పిల్లల రెండో పని నిజమైనదే, కొళాయి. నాలుగు ఆదివారాలు వారు ఊరి పటం గీశారు. ఈసారి నేను తెచ్చిన పటం కాదు, వారు నడిచి, అడుగులు లెక్కపెట్టి గీసినది. ఊళ్లో కొళాయిలు ఎక్కడున్నాయో చుక్కలు పెట్టారు. పల్లెలో ఒకటే చుక్క పడింది. అదీ కారిపోయే కొళాయి. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో అంకెలు లెక్కపెట్టి రాసుకున్నారు. పటం పూర్తయ్యాక ఆ పాప దాన్ని చాలాసేపు చూసింది. తన మొదటి ప్రశ్నకు జవాబు ఆ చుక్కల్లో ఆమెకు కనిపించే ఉంటుంది.

అర్జీ రాయడంలో నేను పొరపాటు చేశాను. పిల్లలు తప్పులు రాస్తారన్న భయంతో చక్కని గ్రాంథిక వాసనతో నేనే రాసి, వారి చేత సంతకాలు పెట్టించాను. కార్యాలయంలో దాన్ని చదివిన అధికారి పిల్లలవైపు చూడనైనా చూడకుండా, “చాలా బాగా రాశారు మాస్టారూ” అన్నారు. పిల్లలు తిరిగివస్తూ ఒకే మాట చెప్పుకున్నారు: అర్జీ అంటే సార్ రాసేది. ఉత్తరమేరూరు బాలుణ్ణి నేను విమర్శించాను. నా పిల్లల చేతులను నేనూ అలాగే వాడుకున్నాను.

రెండో అర్జీ వారే రాశారు. ఒత్తులు తప్పాయి, విషయం తప్పలేదు. ఎన్ని కొళాయిలు, ఎంత దూరం, బిందెకు ఎంతసేపు, ఏం కావాలి. ఈసారి రసీదు అడిగి తీసుకున్నారు.

అంతకుముందు ఇంకొకటి జరిగింది. ఒక పిల్లవాని తండ్రి నా దగ్గరకు వచ్చి, “మా వాడి పేరు రాయించకండి సార్, నేను వాళ్ల పొలంలోనే పని చేసుకోవాలి” అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. పెద్దలు వెళ్లడానికి భయపడే చోటికి పిల్లలను ముందు నడిపించడం పౌరవిద్య కాదు, పిరికితనం. శుద్ధోదనుని కోరిక నాకు అప్పుడు మళ్లీ గుర్తుకువచ్చింది. ఆ రోజు నుంచి మాకొక నియమం ఏర్పడింది: తల్లిదండ్రుల సమ్మతి ముందు, వారి సంతకాలు పైన, పిల్లల సంతకాలు కింద, ఎవరి పేరైనా వద్దంటే ఉండదు, ఎందుకు వద్దని ఎవరూ అడగరు. వినయ నియమాల్లాగే ఇదీ ఒక ఇబ్బంది నుంచి పుట్టింది.

ఫలితమేమిటని మీరడుగుతారు. కారే కొళాయి బాగుచేశారు. రెండో కొళాయి ఇంకా రాలేదు. నిధులు లేవన్నారు. అయితే ఎన్ని నిధులు వచ్చాయి, దేనికి ఖర్చయ్యాయని అడగాలని పిల్లలే నిర్ణయించుకున్నారు. గ్రామసభలో ఓటర్లే సభ్యులు గనుక ఆ ప్రశ్న తల్లులు అడగాలి. ఎనిమిదేళ్ల పిల్లకు ఓటు రావడానికి ఇంకా పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లూ ఆమె ఊరికే ఎదురుచూడనవసరం లేదని మాత్రం తెలుసుకుంది. పిల్ల రాసిచ్చిన ప్రశ్నను చేతిలో పట్టుకొని ఇప్పటిదాకా గ్రామసభ గడప తొక్కని ఇద్దరు తల్లులు అక్కడికి వెళ్లారు. నా దృష్టిలో ఈ రెండేళ్ల పనికి పెద్ద ఫలితం అదే.

గత శీతాకాలంలో పిల్లలను భట్టిప్రోలు తీసుకువెళ్లాం. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో ధాతు పేటికలను వెలికితీశారు. వాటిపై క్రీస్తుపూర్వపు లిపిలో శాసనాలు ఉన్నాయి. వాటిలో కుబిరకుడనే రాజు పేరు ఉంది. దానితోపాటు గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. అమరావతిలోనూ అంతే, పూర్ణఘట ఫలకాన్ని సమర్పించిన విధికుడు తాను చర్మకారుణ్ణని రాయించుకున్నాడు. ఈ నేల మీద రెండువేల ఏళ్ల కిందట కలిసి పనిచేసిన మామూలు మనుషులు తమ పేర్లను రాతిలో నమోదు చేసుకున్నారని చెప్పినప్పుడు పిల్లలు తమ మినిట్స్ పుస్తకాన్ని కొత్తగా చూశారు. మర్నాటి నుంచి అందులో హాజరైనవారి పేర్లు తప్పకుండా రాస్తున్నారు.

మన శాఖలన్నిటికీ నా విన్నపాలు మూడు. ఆదివారపు తరగతి ఉన్న ప్రతిచోటా పిల్లలకు వారు నిజంగా నిర్ణయించగల చిన్న విషయాన్ని ఒకదాన్ని అప్పగించండి. చీపురు కావచ్చు, చాపలు కావచ్చు, పుస్తకాల బీరువా తాళం కావచ్చు. మినిట్స్ పుస్తకం వారి చేతికే ఇవ్వండి, తప్పులు దిద్దకండి. మూడోది మనకు సంబంధించినది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ సమావేశాలకు మనం వెళ్లకుండా పిల్లలకు పౌరసత్వం బోధించడం ఖాళీ పాత్రను చూపడమే అవుతుంది. రాహులునికి చూపిన పాత్రలో కొద్దిగానైనా నీరు మిగిలి ఉంది.

మా పిల్లల పుస్తకంలోని చివరి పేజీ చదివి ముగిస్తాను. కొళాయి పేరుతో ఒక గీత గీసి, దాని కింద ఆ పాపే రాసింది. “అడిగాం. ఒకటి బాగుచేశారు. రెండోది ఇవ్వలేదు. మళ్లీ అడగాలి.” పక్కన తేదీ వేసింది. కింద ఇరవై ఒక్క పేర్లు ఉన్నాయి. తండ్రి వద్దన్న పిల్లవాని పేరు కూడా ఉంది. ఆ తండ్రే వచ్చి రాయించారు.

నమో బుద్ధాయ. జై భీమ్.